ఉక్కు నగరంలో పత్తి పాఠం

జంషెడ్‌పూర్ అనగానే అందరికీ ఉక్కు గుర్తుకొస్తుంది. అయితే ఈ ఊరికి పేరిచ్చిన జంషెడ్జీ టాటా అంతకుముందే నూలు మిల్లు నడిపారు. నాగపూర్‌లో ఆయన ఎంప్రెస్ మిల్లు 1877 జనవరి 1న మొదలైంది. ఉక్కు సంస్థ ఏర్పడింది 1907లో. అంటే ఉక్కు కంటే ముప్పై ఏళ్ళ ముందే పత్తి ఉంది.

పత్తికాయ పగిలితే గింజలను అంటిపెట్టుకొని తెల్లని దూది కనిపిస్తుంది. అందులో ఒక్కొక్క పోగూ గింజ తొక్క మీద పెరిగిన ఒకే ఒక కణం. అది తేమను బాగా పీల్చుకుంటుంది. నూలు చొక్కా చెమట పీల్చడానికీ, గాయానికి దూది పెట్టడానికీ, దీపపు వత్తి నూనెను పైకి లాగడానికీ ఈ పీల్చే గుణమే ఆధారం. మీ జేబులోని పది రూపాయల నోటు కూడా పత్తితో చేసిన కాగితమే! గింజల నుంచి నూనె తీస్తారు, మిగిలిన చెక్కను పశువులకు పెడతారు.

మన ఊళ్ళోని తెలుగు కుటుంబాల్లో చాలామంది పెద్దలు శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చినవారు. అక్కడి పొందూరు ఖద్దరు దేశమంతటా ప్రసిద్ధి. అక్కడ కొండపత్తిని శుభ్రం చేయడానికి వాడే పనిముట్టు వాలుగ చేప దవడ ఎముక! దాని సన్నని పళ్ళతో గింజ మీది దూదిని దువ్వితే చెత్త రాలిపోయి, పోగులు ఒక వరుసకు వస్తాయి. తర్వాత గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి రాట్నం మీద వడుకుతారు. అలా 100 కౌంటు నూలు తీస్తారు. కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 100 కౌంటు నూలు ఒక్క కిలో ఉంటే, దాని పొడవు దాదాపు 169 కిలోమీటర్లు. ఇక్కడ ఒక కొస కట్టి బయలుదేరితే రాంచీ దాటిపోవచ్చు!

ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. శ్రమ ఎక్కువ, కూలి తక్కువ. అందుకే కొత్త తరం ఈ పనిలోకి అంతగా రావడం లేదు. వడికే చేయి ఆగిపోతే ఆ విద్య పుస్తకం చదివి తిరిగి తెచ్చుకునేది కాదు.

నూలును గుర్తుపట్టడం మనకూ అవసరమే. పాలిస్టర్ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు కూడా మండుతుంది, కానీ కరగదు. అందుకే దీపావళి నాడు నూలు బట్టలు వేసుకోమని పెద్దలు చెబుతారు.

చేసి చూడండి: పాత నూలు బట్ట నుంచి ఒక పోగు, పాలిస్టర్ బట్ట నుంచి ఒక పోగు తీయండి. పెద్దల సమక్షంలో, పక్కన నీళ్ళు పెట్టుకొని, పట్టకారుతో పట్టుకొని వెలిగించండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగిలితే నూలు. గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్.

అడిగి రాయండి: మీ ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో రాట్నం, కదురు, ఏకు అనే మాటలు తెలుసా? వాళ్ళు చెప్పింది ఐదు వాక్యాల్లో రాసి తరగతికి తీసుకురండి.