కొర్రలు తినండి, మాత్ర మానకండి

ప్రశ్న: షుగర్ ఉన్నవాళ్లు పంచదార బదులు తాటిబెల్లం వాడొచ్చా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: వద్దు. రక్తంలోకి చేరాక రెండూ చక్కెరే. తేనె గురించి కూడా అడగబోతారేమో, దానికీ ఇదే జవాబు.

ప్రశ్న: నాకు 52 ఏండ్లు. ఎనిమిదేండ్ల నుంచి షుగర్. ఫోన్‌లో వీడియోలు చూసి నాలుగు నెలల కింద అన్నం మానేసిన. పొద్దున అంబలి, పగలు కొర్రలు, రాత్రి ఊదలు. మాత్రలు కిడ్నీలను పాడుచేస్తయంటే అవి కూడా బంద్ చేసిన. ఏడు కిలోలు తగ్గి ఒళ్లు తేలికైంది. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్న గానీ, ఒంట్లో మలినాలు పోతున్నయని వీడియోలో చెప్పిండ్రు. అండుకొర్రలు ఎక్కడ దొరుకుతయి?
– ఒక రైతు, కోదాడ

జవాబు: అన్నా, అండుకొర్రలను పక్కన పెట్టండి. రేపు పొద్దున ఏమీ తినకుండా వెళ్లి షుగర్ పరీక్ష చేయించుకోండి. తిన్న రెండు గంటలకు మళ్లీ ఒకటి. దాంతోపాటు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ కూడా. ఈలోపు వాంతులు, ఆయాసం, మగత ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మీరు సంతోషంగా రాసిన మాటలే నన్ను భయపెట్టాయి. రక్తంలో చక్కెర హద్దు దాటితే మూత్రంలోకి దిగుతుంది, పోతూ పోతూ ఒంట్లోని నీళ్లను లాక్కుపోతుంది. రాత్రిళ్లు మీ నిద్ర చెడగొడుతున్నది బహుశా అదే. చక్కెర కణాలకు అందకపోతే శరీరం తన కొవ్వునూ కండనూ కరిగించుకుని బతుకుతుంది. ఏడు కిలోల్లో కొంత తిండి మార్చినందుకు తగ్గి ఉండొచ్చు. ఎంత మంచికి తగ్గారో, ఎంత జబ్బుతో తగ్గారో పరీక్ష చేస్తేనే తేలుతుంది. దీన్ని మలినాలు పోవడం అని చెప్పినవాళ్ల మీద నాకు చాలా కోపంగా ఉంది.

ఇక కిడ్నీల మాట. మన దేశంలో కిడ్నీలు చెడిపోవడానికి మొదటి కారణం అదుపులో లేని షుగర్, దాని పక్కనే బీపీ. షుగర్‌కు ఎక్కువగా రాసే మెట్‌ఫార్మిన్ మాత్ర కిడ్నీలను పాడుచేయదు. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీలు ఉన్నవాళ్లకు డోసు తగ్గిస్తాం, లేదా ఆపేస్తాం. ఆ జాగ్రత్త ఎవరి నోటనో తిరగబడి, మాత్ర వల్లే కిడ్నీలు పోతాయన్న పుకారైంది. కిడ్నీలను కాపాడేదాన్ని మానేసి, వాటిని తినేసేదాన్ని ఒంట్లో పెట్టుకున్నారు.

కొర్రల మీద నాకేం పగ లేదు. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటే కొర్రల్లో 60 ఉంటుంది. పీచు ఎక్కువ కాబట్టి చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. నెమ్మదిగానైనా ఎక్కుతుంది! రెండు కంచాలు తింటే మళ్లీ మొదటికే వస్తారు. మీరు శ్రద్ధగా తిండి మార్చుకున్నారు. ఆ శ్రద్ధ ఉన్నవాళ్లకు మందు తగ్గించే రోజూ రావచ్చు. అది రిపోర్టు చూసి మీ డాక్టరు చెప్పాలి.

ఇది చదివి మరొకరు ఇంకో వైపు తప్పు చేయకూడదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర ఎప్పటిలాగే వేసుకుని, తిండి మాత్రం గ్లాసు అంబలికి దించేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, బండి మీద ఉంటే ప్రాణాపాయం. మాత్ర మానే ముందే కాదు, తిండి మార్చే ముందు కూడా డాక్టరుకు చెప్పండి. వీడియోలో మాట్లాడే మనిషికి మీ క్రియాటినిన్ తెలియదు, మీరెవరో తెలియదు.

అండుకొర్రలే కావాలన్న పట్టు వద్దు. కొర్రలో జొన్నలో ఏవి దొరికితే అవి తినండి. రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి, ఎదురుచూస్తాను.

ప్రశ్న: మా చుట్టూ రైస్ మిల్లులే. దంపుడు బియ్యం మంచిదా, బాయిల్డ్ బియ్యం మంచిదా?
– ఒక మిల్లు గుమస్తా, మిర్యాలగూడ

జవాబు: తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం కంటే రెండూ మేలు. మీ మిల్లుల్లో వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు కదా, ఆ ఆవిరిలో తవుడులోని బి1 విటమిన్ గింజ లోపలికి చేరుతుంది. తర్వాత పాలిష్ పట్టినా చాలావరకు నిలుస్తుంది. ఒకప్పుడు కోస్తా సర్కారు జిల్లాల్లో పచ్చి బియ్యం మరపట్టి తిన్నవాళ్లకు ఆ విటమిన్ లోపంతో బెరిబెరి జబ్బు వచ్చేది. కూనూరులోని పోషకాహార ప్రయోగశాలలో ఐక్రాయిడ్ అనే శాస్త్రవేత్త బృందం దాన్ని పరిశోధించింది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన ఆ ప్రయోగశాలే నేటి జాతీయ పోషకాహార సంస్థ. దంపుడు బియ్యంలో పీచు కూడా మిగులుతుంది. అయితే తవుడులో నూనె ఉంటుంది కాబట్టి తొందరగా ముక్కిపోతుంది, కొద్దికొద్దిగా కొనుక్కోండి. ఏ బియ్యమైనా నాలుగైదుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే బి విటమిన్లు చాలావరకు మోరీలోకి పోతాయి.

అసలు చూడాల్సింది ఎంత తింటున్నామన్నది. 1967లో నాగార్జున సాగర్ ఎడమ కాలువకు నీళ్లొచ్చాక మన దగ్గర వరి పెరిగింది, జొన్న గటక, సద్ద రొట్టె వెనక్కి పోయాయి. పోషకాహార సంస్థ 2024 సూచనల్లో రెండు వేల కేలరీల తిండికి ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉన్నాయి. మన కంచంలో కూర ఎంత ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. జుట్టు విపరీతంగా రాలుతోంది, మెట్లెక్కితే ఆయాసం. చియా గింజలు, అవకాడో తింటే తగ్గుతుందట. నెలకు రెండు వేలవుతోంది. పిల్లలూ ఆయనా తిన్నాక మిగిలింది తింటాను, కూర ఒక్కోరోజు ఉండదు. నెలసరి ఏడెనిమిది రోజులుంటుంది.
– ఒక గృహిణి, సూర్యాపేట

జవాబు: తల్లీ, మీ సమస్య మీ చివరి రెండు వాక్యాల్లో ఉంది. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా అది ఉంది. రక్తం తక్కువని తేలితే తిండి ఒక్కటే సరిపోదు, ఐరన్ మాత్రలు నెలల తరబడి వేసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. థైరాయిడ్ కూడా చూపించుకోండి. నెలసరి అన్ని రోజులు ఎందుకుంటోందో స్త్రీల వైద్యురాలిని అడగండి, సిగ్గుపడే విషయం కాదు.

చియాకు పెట్టే డబ్బుతో గుడ్లు, పల్లీలు, నువ్వులు, తోటకూర కొనండి. మాంసం తింటే కార్జం ఇంకా మంచిది. ఆకుకూరలోని ఐరన్ ఒంటికి పట్టాలంటే పక్కన నిమ్మకాయ ఉండాలి, తిన్న గంట దాకా చాయ్ తాగకూడదు. అన్నిటికన్నా ముందు, అందరితోపాటే కూర్చుని తినండి. కూర వండిన చేతికి కూర మిగలకపోవడం ఏమిటి? ఈ జవాబు మీ ఆయనకు చదివి వినిపించండి.

ప్రశ్న: రేషన్ బియ్యంలో నీళ్లపై తేలే గింజలు ప్లాస్టిక్‌వంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కోదాడ

జవాబు: అబద్ధం. బియ్యపు పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల్లా చేసి, వంద గింజలకు ఒకటి చొప్పున కలిపినవే అవి. ఏరి పారేయకండి.

ప్రశ్న: పరగడుపున సొరకాయ రసం తాగుతున్నాను. ఈ మధ్య చేదుగా ఉంటోంది. తేనె కలపొచ్చా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, మిర్యాలగూడ

జవాబు: పారబోయండి. చేదు సొరకాయలో కుకర్బిటాసిన్ అనే విషముంటుంది. రక్తపు వాంతులై ప్రాణాలు పోయినవాళ్లున్నారు. సొరకాయ పప్పులో వేసుకుని తినండి. వండబోయే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి, చేదైతే కాయ మొత్తం అవతల పడేయండి.

ప్రశ్న: మా నాన్న క్రియాటినిన్ 3.4. మందుల వేడి తగ్గడానికి రోజూ రెండు కొబ్బరిబోండాలు, పండ్ల రసం ఇస్తున్నాం. ఇంకేం ప్రకృతిసిద్ధమైనవి ఇవ్వాలి?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ప్రేమతోనే ఇస్తున్నారు, కానీ ఈరోజే ఆపండి. వాటిలో పొటాషియం ఎక్కువ. నీరసించిన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది, హఠాత్తుగా ఆగిపోవచ్చు కూడా. ఈరోజే రక్తంలో పొటాషియం ఎంతుందో చూపించి, ఆ రిపోర్టుతో కిడ్నీ డాక్టరును కలవండి. ఏ పండు ఎంత తినొచ్చో ఆయన్నే రాసిమ్మనండి.