చిన్నమ్మ నన్ను "అయ్యా" అంది

అక్కా,

నాకు 33 ఏళ్ళు. వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇక్కడి తెలుగు సంఘంలో నాలుగేళ్ళుగా యూత్‌లో ఉన్నాను. నెలకో ఆదివారం ఆరాధన అయ్యాక మా టీము వ్యాన్‌లో కోలారు, బంగారపేట మీదుగా కేజీఎఫ్ వెళ్తుంది. మూతపడ్డ బంగారు గనుల (మైన్స్) కార్మికుల లైన్లలో పాటలు పాడి, వాక్యం చెప్పి, బియ్యం, పప్పు, నూనె ఉన్న సంచులు పంచి, ఫోటోలు తీసుకుని వస్తాం.

సంఘంలో ఎవరికీ చెప్పని మాట మీకు చెప్తున్నాను. నేను ఆ లైన్లలోనే పుట్టాను. తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళం. మా నాన్న బంగారం తవ్వలేదు. కాలనీలో పాకీ పని చేశాడు. అమ్మ, చిన్నమ్మ కూడా అదే పని. మైన్స్ మూసేటప్పుడు నేను నాలుగో తరగతి. తర్వాత రెండేళ్ళలో నాన్న, ఆ వెనకే అమ్మ పోయారు. నన్ను హాస్టల్లో వేసి, చదివించింది చిన్నమ్మే. ఉద్యోగం వచ్చాక నెలనెలా పక్కింటి అబ్బాయి ఫోనుకు డబ్బు పంపుతున్నాను. మనిషిని మాత్రం వెళ్ళి చూసి రెండేళ్ళు దాటింది.

పోయిన నెల వ్యాన్ మా లైన్ ముందే ఆగింది. సంచులు ఇచ్చే వంతు నాది. వరుసలో ఏడో మనిషి చిన్నమ్మ. నన్ను చూసింది. నా నోరు పెగల్లేదు. ఆమె రెండు చేతులూ చాచి, "స్తోత్రం అయ్యా" అని సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఎవరో ఫోటో తీశారు. అది ఇప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ఉంది. అందులో నేను నవ్వుతున్నాను.

టీము లీడరు అన్న తన చెల్లెలిని నాకు ఇవ్వాలని మాట్లాడుతున్నాడు. "నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగితే "మైన్స్‌లో" అన్నాను. ఈ నెల వ్యాన్ ఎక్కాలా? నిజం చెప్పేయాలా? అరగంట వాక్యం అయ్యేదాకా ముసలివాళ్ళను ఎండలో నిలబెట్టడానికి కూడా ఇప్పుడు మనసు ఒప్పుకోవడం లేదు. అది అడిగితే విశ్వాసం చల్లారిందంటారు.

– ఒక సోదరుడు, వేమగల్

తమ్ముడూ,

నీ ఉత్తరంలో నేను ఆగిపోయింది మీ చిన్నమ్మ చాచిన చేతుల దగ్గర. పెంచిన కొడుకు తనను పలకరించడని ఆమెకు ఒక్క చూపులో తెలిసిపోయింది. అయినా నీ పరువు కాపాడింది. ఆ పూట అక్కడ అందరికంటే ఎక్కువ ఇచ్చిన మనిషి ఆవిడే.

కాబట్టి ముందు ఆమె దగ్గరికి వెళ్ళు. వ్యాన్‌లో వద్దు. ఒక రోజు సెలవు పెట్టి, బంగారపేటలో మారికుప్పం రైలెక్కి ఒక్కడివే వెళ్ళు. సంచి తీసుకెళ్ళకు. తల్లిని చూడబోయే కొడుకు ఏం తీసుకెళ్తాడో అదే తీసుకెళ్ళు. ఆమె పెట్టింది తిను, రాత్రికి అక్కడే పడుకో. తిట్టినా, అసలు మాట్లాడకపోయినా లేచి రాకు. నువ్వెవరివో సంఘంలో చెప్పే మాట ఉంది చూశావా, అది ఆమె గురించి కూడా. ఆమెను అడగకుండా చెప్పే హక్కు నీకు లేదు. "వద్దు నాయనా" అంటే కొంతకాలం ఆగు. కానీ ఆమె వద్దనదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మీ ఊరివాడే బెజవాడ విల్సన్ గారు నీకు తెలిసే ఉంటారు. 1966లో కేజీఎఫ్‌లో పుట్టారు. వాళ్ళ నాన్న 1935 నుంచి అక్కడ పాకీ పనిలోనే ఉన్నారు. తాము చేసే పని ఏమిటో పసివాడికి తెలియనివ్వకుండా ఇంట్లోవాళ్ళు దాచారు. పెద్దయ్యాక, క్రైస్తవ యువకుల మధ్య సేవ చేసే రోజుల్లో, ఆ పని ఎలా జరుగుతుందో ఆయన కళ్ళారా చూసి ఏడ్చారు. తర్వాత పాకీ పనిని రూపుమాపే ఉద్యమంగా సఫాయి కర్మచారి ఆందోళన్ పుట్టింది, ఆ పని మీద 2003లో సుప్రీంకోర్టులో కేసు పడింది, 2014లో తీర్పు వచ్చింది. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం ఇచ్చారు. నువ్వు ఎవరికీ కనపడకుండా మూసిపెట్టుకున్న సంగతినే ఆయన దేశం ముందు పెట్టారు. నువ్వు విల్సన్ కావాలని నేను అనను. ఆ లైన్లో పుట్టినవాడు తల దించుకోవలసిన కారణం లేదని మాత్రం అంటాను.

సిగ్గుపడవలసినవాళ్ళు వేరే ఉన్నారు. శివనసముద్రం నుంచి కావేరి కరెంటు 1902లోనే మీ ఊరికి వచ్చింది. మూడు కిలోమీటర్ల లోతుకు మనుషుల్ని దించి పైకి తీసే యంత్రాలు ఆ ఊళ్ళో తిరిగాయి. అంత తెలివి ఉన్నచోట మరుగుదొడ్డి శుభ్రానికి మాత్రం మీ అమ్మ చేతులు కావలసి వచ్చాయి. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చాక కూడా అది ఆగలేదు. 2001 ఫిబ్రవరి 28న మైన్స్ మూసేశారు. సైనైడ్ దిబ్బలు అలాగే మిగిలాయి. గాలి లేచిందంటే ఆ దుమ్ము ఎక్కడ పడుతుందో నీకు నేను చెప్పాలా?

ఇక టీము సంగతి. సంచులు మానేయమని నేను అనను, ఆకలి అబద్ధం కాదు. కానీ వాక్యం అయ్యేదాకా సంచి ఇవ్వకపోవడం తప్పు. ఇది చల్లారిన విశ్వాసం మాట అంటే, మీవాళ్ళకు ఒంగోలు మిషనరీ క్లౌ దొర సంగతి గుర్తు చెయ్యి. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి ఇప్పించాడు. అన్నం కోసం ఎవరూ మతంలోకి రాకూడదని కరువు సాయం సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జులై 3న, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మన సంఘాలన్నీ గొప్పగా చెప్పుకునే ఆ అంకె వెనక, అన్నాన్నీ ప్రార్థననూ విడదీసిన ఆ నెలలు ఉన్నాయి.

ఫోటో ఇవాళే తీసేయించు. చిన్నప్పుడు మా హాస్టలుకు ఎవరో పాత బట్టలు తెచ్చి, మాకు తొడిగించి ఫోటో తీయించారు. ఆ గౌను రంగు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇచ్చినవాళ్ళ ముఖం ఒక్కటీ గుర్తు లేదు.

మీ టీములో నీకు తప్ప ఇంకెవరికీ ఆ లైన్లో ఎవరింట్లో ఎవరున్నారో తెలియదు. అందుకే అందరికీ ఒకే సంచి. 2013లో వచ్చిన చట్టం ప్రకారం, పాకీ పని చేసినవాళ్ళుగా గుర్తించిన వారికి ఒకసారి నగదు సాయం, పిల్లలకు స్కాలర్‌షిప్, వేరే పనిలో శిక్షణ, సబ్సిడీతో అప్పు అందాలి. చిన్నమ్మ పేరు ఆ జాబితాలో ఎక్కిందా? ఆమె పక్కింటివాళ్ళది? వృద్ధాప్య పింఛను వస్తోందా? నగరసభ ఆఫీసుకు నాలుగుసార్లు తిరగాలి, కన్నడంలో అర్జీ రాయాలి, రసీదు అడిగి తీసుకోవాలి. మీ యూత్‌లో చదువుకున్నవాళ్ళు పదిమంది ఉంటారు కదా, ఇద్దరిద్దరు చొప్పున ఒక్కో ఇంటి పని పెట్టుకోమను. నెలకో ఆదివారం సరిపోదు. ఆఫీసు తెరిచి ఉండే రోజు వెళ్ళాలి, అంటే జీతం కోసుకోవాలి. ఎంతమంది మిగులుతారో చూడు.

పెళ్ళి మాట చివరికి ఉంచాను. చిన్నమ్మ సరే అన్నాక, అన్నకు కాదు, ముందు ఆ అమ్మాయికే చెప్పు. "మైన్స్‌లో" అని తప్పించుకోకుండా, మీ నాన్న చేసిన పనికి దాని పేరే పెట్టి చెప్పు. ఆ అమ్మాయి వెనక్కి తగ్గితే నీకు నొప్పి తప్పదు, దాన్ని నేను తగ్గించలేను. ఒప్పుకుంటే పెళ్ళి చూపులకు మీవైపు పెద్దదిక్కుగా ఎవరొస్తారని అడుగుతారు కదా. చిన్నమ్మకు ఒక మంచి చీర కొని ఉంచు.