తరగతిలో పిల్లలెందరు? – ఒక పరిశీలన

ఒక పాఠశాలను గూర్చి తెలిసికొనగోరువారు మొదట అడుగవలసిన ప్రశ్నలు రెండు: తరగతిలో పిల్లలెందరు? వారు ఏ ఇండ్లనుండి వచ్చుచున్నారు? మన ఉప్పల్, నాచారం ప్రాంతములను దృష్టియందుంచుకొని వీనిని పరిశీలింతము.

ఉప్పల్ కలాన్ ఒకప్పుడు ప్రత్యేక పురపాలక సంఘము. 2007లో మహానగర పాలక సంస్థలో విలీనమైనది. ఉప్పల్, నాచారములందు పారిశ్రామికవాడలు పెరుగుటచే జిల్లాలనుండియు, బీహారు, ఒడిశా మున్నగు రాష్ట్రములనుండియు శ్రామికులు వచ్చి చేరిరి. కనుక ఇచ్చటి ప్రభుత్వ పాఠశాలలో తెలుగు, ఉర్దూ పిల్లల ప్రక్కన హిందీ, ఒడియా మాటలాడు పిల్లలు కూర్చుండుట వింత కాదు. తండ్రి పని మారినచో బిడ్డ బడియు మారును. జూన్‌లోని సంఖ్య జనవరిలో నిలువకపోవచ్చును.

2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుండి 90 వరకు ముగ్గురు, 91 నుండి 120 వరకు నలుగురు ఉపాధ్యాయులుండవలెను. 60 మందికి ఇద్దరనగా ఒక్కొక్కరికి 30 మంది. చూచుటకు చక్కని నిష్పత్తియే. కాని తరగతులు ఐదు! ఒకరికి మూడు తరగతులు, మరొకరికి రెండు వచ్చును. 40 నిమిషముల పీరియడులో మూడు తరగతులను చూచు ఉపాధ్యాయుడు ఒక్కొక్కదానికి ఈయగలది 13 నిమిషములే. ఆ ఇద్దరిలో ఉర్దూ తెలిసినవారు ఒక్కరే అయి, ఐదు తరగతులలోను ఉర్దూ పిల్లలున్నచో తరగతికి 8 నిమిషములే దక్కును. సగటు మారలేదు, పిల్లవానికి అందిన చదువు మాత్రము తరిగినది.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని, 1956లో చేర్చబడిన రాజ్యాంగపు 350-ఎ అధికరణము చెప్పుచున్నది. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి నుండి ఎనిమిది తరగతులకు ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఇంట ఒక భాష, గురువు నోట మరొకటి, పుస్తకమున ఇంకొకటి అయిన బిడ్డకే గురువు సమయము ఎక్కువగా కావలెను.

కావున రేపు ఉపాధ్యాయ శిక్షణకు పోవు మన విద్యార్థులు మొత్తము సంఖ్యతో తృప్తిపడక, తరగతివారీ సంఖ్య, ఆనాటి హాజరు, పిల్లల ఇంటి భాష, ఆ భాష తెలిసిన ఉపాధ్యాయుల సంఖ్య అను నాలుగింటిని అడిగి తెలిసికొనవలెను. ఉర్దూ, తెలుగు రెండును వచ్చిన విద్యార్థులకు మన కళాశాలలో కొదువ లేదు. సమీప పాఠశాలల అనుమతితో వారు వారమునకొక గంట పిల్లలతో కూర్చుండి చదివించు ఏర్పాటును కళాశాల కమిటీ వారు ఆలోచింపవలెనని మా మనవి.