దుంపకూర వండేవాళ్ళకు నాలుగు మాటలు

కనిగిరి బళ్ళో పిల్లలకు సైన్సు చెప్పాను, మెట్టలో కంది పండించాను. దుంపల గురించి నాకు తెలిసినవి ఇంట్లో వండిపెట్టేవాళ్ళకు పనికొస్తాయని చెబుతున్నాను.

1. దుంపంటే ఒట్టి పిండి కాదు. రేపటి మొలక కోసం మొక్క దాచిపెట్టుకున్న తిండి అది. పిండితో పాటు కాస్త ప్రోటీన్ కూడా దాస్తుంది. బంగాళాదుంపలో దాని పేరు పటాటిన్, పెండలంలో డయోస్కోరిన్. చిలగడదుంపలో కరిగే ప్రోటీన్‌లో 60 నుంచి 80 శాతం స్పోరమినే.

2. నమ్మకపోతే చేసి చూడండి. పచ్చి బంగాళాదుంప తురిమి, గుడ్డలో వేసి రసం పిండండి. కదపకుండా ఉంచితే పిండి అడుక్కి దిగుతుంది. పైతేట వంచుకుని సన్నసెగ మీద పెట్టండి. మరగకముందే తరకలు తరకలుగా విరుగుతుంది. ఆ తరకల్లో ఉన్నది ప్రోటీనే. నెదర్లాండ్స్ స్టార్చ్ ఫ్యాక్టరీల్లోనూ రసాన్ని వేడిచేసి ప్రోటీన్ తీస్తారు.

3. చిలగడదుంప పచ్చిగా తినొద్దు. మన పేగుల్లో ప్రోటీన్‌ను అరిగించే ట్రిప్సిన్‌కు స్పోరమిన్ అడ్డుపడుతుంది. పురుగు కొరికితే ఆ తీగ ఆకుల్లో కూడా స్పోరమిన్ తయారవుతుంది. తిన్నది పురుగుకు వంటబట్టదు. వేడి తగిలితే ఆ అడ్డు చాలావరకు పోతుంది. శివరాత్రికి మనవాళ్ళు ఉడకబెట్టి తినడం అన్నివిధాలా మంచి పద్ధతి. నడిమధ్య దాకా మెత్తబడనివ్వండి.

4. తొక్కతోనే ఉడికించండి. ఈ ప్రోటీన్లు నీళ్ళలో కరిగే రకం. ముక్కలు కోసి నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే, ఉన్న కాస్తలో కొంత తూములో పోతుంది.

5. కంద, చేమ దురదకు భయపడి మానొద్దు. దురద పుట్టించేది ముఖ్యంగా సూదిమొనల ఆక్సలేట్ స్ఫటికాలు. చింతపండు పులుసులో బాగా ఉడికితే తగ్గుతుంది. కొవ్వూరు పరిశోధన స్థానం ఇచ్చిన 'గజేంద్ర' కందకు దురద దాదాపు ఉండదు.

6. దుంప అన్నానికి బదులవుతుంది, పప్పుకు కాదు. 100 గ్రాముల బంగాళాదుంపలో ప్రోటీన్ సుమారు 2 గ్రాములు, కర్రపెండలంలో ఒక గ్రాము. అంతే కందిపప్పులో 20 గ్రాములు దాటుతుంది. పిల్లవాడు వేపుడు ఇష్టంగా తిన్నాడని పప్పు మానిపించకండి. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ కందిపప్పులో, బంగాళాదుంప ప్రోటీన్‌లో బాగా ఉంటుంది. కంది మన మెట్టల్లోనే పండుతుంది. అన్నంలోకి ముద్దపప్పు, పక్కన దుంపకూర. ఎదిగే పిల్లల కంచంలో ఈ మూడూ ఉండేట్టు చూడండి.