పచ్చగా ఉన్నదల్లా మూన్ మాత్ కాదు!



తొలకరి వానలు పడ్డాక సాయంత్రం ఏడు దాటితే చాలు, వరండా లైటు చుట్టూ పురుగులు మూగుతాయి. "లైటు ఆర్పెయ్, అన్నంలో పడతాయి" అంటాం మనం. ఈ నెలలో ఒక్క రాత్రి మాత్రం ఆర్పకండి. మీ బాబునో పాపనో పిలిచి, ఆ లైటు దగ్గర ఒక గంట కూర్చోండి. ఎందుకో చెబుతాను.

కిందటేడు ఇదే రోజుల్లో ఏడో తరగతి అబ్బాయి ఒకడు వాళ్లమ్మ ఫోన్లో తీసిన ఫొటోను ప్రింటు తీయించుకుని తరగతికి తెచ్చాడు. "సార్, మూన్ మాత్! మా ఇంటికొచ్చింది" అన్నాడు. అరచేతిలో సగం ఉన్న పచ్చటి పురుగు. తరగతంతా చప్పట్లు కొట్టింది. నేను ఫొటోను రెండోసారి చూసి, అది మూన్ మాత్ కాదు, గన్నేరు హాక్‌మాత్ అని చెప్పాల్సి వచ్చింది. వాడి ముఖం వాడిపోయింది. "రెండూ పచ్చగానే ఉంటాయి కదా సార్" అన్నాడు. ఈ నెల పాఠం ఆ ప్రశ్నలోంచే పుట్టింది.

మాత్ అంటే ఏది?

సీతాకోకచిలుకకు దగ్గరి చుట్టం. చాలా మాత్‌లు రాత్రిపూట తిరుగుతాయి. మన రైతులు వీటిని రెక్కల పురుగులు అంటారు. వేరుశనగ వేసే వారికి వీటి సంగతి బాగా తెలుసు. తొలి వానలకు ఎర్ర గొంగళి పురుగు తాలూకు రెక్కల పురుగులు నేలలోంచి పైకి వస్తాయి. వాటిని పట్టడానికి పొలం గట్ల మీద మంటలు వేస్తారు, దీపపు ఎరలు పెడతారు. మనం చేయబోయేదీ అదే పని, కాకపోతే చంపడానికి కాదు, చూసి రాసుకోవడానికి.

మన దేశంలో 10,000కు పైగా మాత్ జాతులు ఉన్నాయి. అందుకే పిల్లలకు పేర్లు బట్టీ పట్టించడం వల్ల లాభం లేదు. చూసే పద్ధతి నేర్పితే చాలు.

రంగు ఒక్కటే చాలదు

మూన్ మాత్‌కు లేత ఆకుపచ్చ రెక్కలు. పరిస్తే నాలుగు అంగుళాలకు పైగా ఉంటాయి. వెనుక రెక్కలు రెండూ పొడవాటి తోకల్లా సాగి ఉంటాయి. నాలుగు రెక్కల మీదా కన్నులాంటి మచ్చ ఒక్కోటి. ముందు రెక్కల పై అంచున ముదురు ఎరుపు గీత. పెద్దదయ్యాక దీనికి తినే నోరే ఉండదు. వారం రోజులు బతికి, గుడ్లు పెట్టి పోతుంది. మన ఊళ్లలో సులువుగా కంటబడేది కాదు.

గన్నేరు హాక్‌మాత్‌కు తోకలుండవు, రెక్కల మీద కన్నులుండవు. ముదురు, లేత ఆకుపచ్చలు పాలరాయి మీద చారల్లా కలిసిపోయి, మధ్యలో లేత గులాబీ, తెలుపు పట్టీలు ఉంటాయి. వాలినప్పుడు యుద్ధవిమానంలా త్రికోణంగా కనిపిస్తుంది. ఇది మన కాలనీల్లోకి తరచుగా వచ్చేదే.

కాబట్టి పిల్లలను "ఏ రంగు?" అని ఒక్కటే అడిగి ఆపకండి. "తోక ఉందా? మచ్చలెక్కడున్నాయి? రెక్కలు ఎలా పెట్టి కూర్చుంది?" అని అడగండి. ఆముదం చేలల్లోని దాసరి పురుగు పెద్దదయ్యాక మామూలు బూడిద గోధుమరంగు మాత్‌లా కూర్చుంటుంది. వెనుక రెక్క తెరిస్తేనే నల్లటి రంగు మీద తెల్లటి పట్టీ, అంచున మూడు తెల్ల మచ్చలు బయటపడతాయి. ఒక్క ఫొటోతో తృప్తి పడకూడదనేది అందుకే.

చెట్టును చూస్తే పురుగు తెలుస్తుంది

చాలా మాత్‌ల గొంగళి పురుగులు ఏ ఆకు పడితే ఆ ఆకు తినవు. యూరప్‌లో పైన్ హాక్‌మాత్ కోసం వెతికేవారు ముందు పైన్ చెట్లు ఎక్కడున్నాయో చూసుకుంటారు. మనకు పైన్ చెట్లు లేవు, కానీ పద్ధతి అదే. గన్నేరు హాక్‌మాత్ పిల్ల గన్నేరు, నందివర్ధనం ఆకులు తింటుంది. మూన్ మాత్ పిల్ల తినే చెట్లలో మన అడవుల్లోని గుంపెన ఒకటి.

ఆ అబ్బాయి కథ ఇక్కడే మలుపు తిరిగింది. వాళ్ల పెరట్లో నందివర్ధనం ఉంది. మర్నాడు వెళ్లి వెతికితే, తల దగ్గర రెండు నీలి కన్నుల్లాంటి మచ్చలు, తోక చివర చిన్న కొమ్ము ఉన్న పచ్చటి గొంగళి పురుగు దొరికింది. తేదీ, సమయం, చెట్టు పేరు అన్నీ రాసి తెచ్చాడు. ఆ కాగితం మొదటి ఫొటో కన్నా ఎన్నో రెట్లు విలువైనది. తరగతిలో అదే చెప్పాను.

ఎక్కడ చూశామో ఎందుకు రాయాలి?

1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త నీలిరంగులో మెరిసే ఒక పెద్ద సాలీడుకు పేరు పెట్టారు. అది దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. అందుకే గుత్తి టరాంటులా అన్నారు. కానీ దాని అసలు ఇల్లు గుత్తి కాదు. కలపతో పాటు రైల్లో వచ్చి ఉంటుందని తరవాత అనుకున్నారు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించేదాకా, నూరేళ్లకు పైగా దాని జాడ తెలియలేదు. ఇప్పుడది అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో ఉంది.

ఇక కలివి కోడి. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పక్షి 1900 తరవాత కనబడక, ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్దవటం ప్రాంతంలో మళ్లీ దొరికింది. ఇదీ రాత్రి తిరిగేదే. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు వెతుకుతుంటే, రాత్రిపూట దాన్ని పట్టి చూపించింది ఆ ఊరి మనిషే. ఆ ఒక్క ఆధారంతో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరవాత తెలుగు గంగ కాల్వ దారిని కూడా ఆ పక్షి కోసం మార్చారు.

సరిగ్గా రాసిన ఒక్క నమోదు కాల్వనే పక్కకు తిప్పింది. చోటు తెలియని నమోదు నూరేళ్లు దారి చూపలేకపోయింది. మన పిల్లలు రాసే నాలుగు వరుసల విలువ ఇదే.

ఈ నెల ఇంటి పని (5 నుంచి 9 తరగతులు)

1. వెన్నెల లేని రాత్రి, 8 నుంచి 9 గంటల మధ్య, మేడ మీద గానీ వరండాలో గానీ తెల్లటి దుప్పటి కట్టి, దాని ముందు తెల్ల బల్బు వెలిగించండి. పసుపు బల్బుకు తక్కువ వస్తాయి.
2. ఒక్కో పురుగును పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీయండి. పక్కన స్కేలు పెడితే కొలత తెలుస్తుంది.
3. నోటుబుక్కులో నాలుగు వరుసలు రాయించండి: తేదీ, సమయం, ఊరు, కాలనీ, ఎలా ఉంది, చుట్టుపక్కల ఏ చెట్లున్నాయి.
4. పేరు తెలియకపోతే "తెలియలేదు" అని రాయనివ్వండి. దానికి మార్కులు తగ్గవు. ఊహించి రాసిన పేరుకే తగ్గుతాయి.
5. పేరు కోసం మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్, ఐనాచురలిస్ట్ యాప్ చూడవచ్చు. యాప్‌లో మీ ఖాతానే వాడండి, ఇంటి చోటు అందరికీ కనబడకుండా పెట్టండి.
6. వెంట్రుకలున్న గొంగళి పురుగును ముట్టుకోనివ్వకండి, దురద పెడుతుంది. పురుగుల మందు కొట్టకండి. పని అయ్యాక లైటు ఆర్పేస్తే అవే ఎగిరిపోతాయి.

జులై చివరి వారాన్ని మాత్ వారంగా జరుపుకోవడం 2012లో అమెరికాలో మొదలైంది. ఇప్పుడు మన దేశంలోనూ చాలామంది చేస్తున్నారు. మనమూ ఆ వారంలోనే చేద్దాం.

తల్లిదండ్రులకు ఒక మాట

దయచేసి మీరు రాసి ఇవ్వకండి. ఇంటర్నెట్ నుంచి అందమైన ఫొటో దించి అంటించకండి. మసక ఫొటో అయినా, వంకర అక్షరాలైనా, మీ పిల్లలు తమ కళ్లతో చూసినదే మాకు కావాలి. మూన్ మాత్ రాకపోవచ్చు. వచ్చిన బూడిదరంగు పురుగునే శ్రద్ధగా చూసి, ఉన్నది ఉన్నట్టు రాస్తే పని పూర్తయినట్టే.

నోటుబుక్కులు వచ్చే నెల మొదటి సోమవారం పంపించండి. అన్నీ కలిపి మన పట్టణానికి ఒక పట్టిక తయారుచేసి తరగతి గోడకు పెడతాం. కిందటేడు ఆ అబ్బాయి తెచ్చిన కాగితమే అందులో మొదటి వరుస.