లేని చేతికి నొప్పి

చంద్రశేఖరపురంలో చొప్ప కత్తిరించే మిషనులో నా కుడి చేయి మణికట్టు దాకా పోయింది. డాక్టరుగారు కీలు దగ్గరే ఆపారు. ముంజేతి ఎముకలు రెండూ మిగిలాయి కనుక ముంజేయి ఇటూ అటూ తిప్పగలను. మొండి వాపు తగ్గి, కృత్రిమ హస్తానికి అనువుగా రూపు కట్టాలంటే ఎలాస్టిక్ బ్యాండేజీ కొసన బిగువుగా, పైకి వదులుగా చుట్టాలి. మా అమ్మ మొదట్లో తలకిందులుగా చుట్టేది, కొస ఉబ్బిపోయేది.

అసలు బాధ వేరు. లేని వేళ్ళు ముడుచుకొని, లేని అరచేతిలో గోళ్ళు గుచ్చుకొనేవి. "ఏ చెయ్యిరా నొచ్చేది?" అనేది అమ్మ. ఇది పిచ్చి కాదు. చేయి పోయినా మెదడులో దాని చోటు ఉంటుంది. వి.ఎస్. రామచంద్రన్ గారు 1990లలో కనిపెట్టిన అద్దం ఉపాయం ప్రయత్నించాను: మొండిని అద్దం వెనుక దాచి, ఎడమచేతి ప్రతిబింబాన్ని చూస్తూ గుప్పిట విప్పాలి. అందరికీ పనిచెయ్యదు. నాకు మూడో వారంలో ఆ వేళ్ళు విచ్చుకున్నాయి.