శిల చెప్పిన పాఠము



వాన వెలిసిన తరువాత కాలువలో పారు నీటిని గమనించండి. అది ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు గట్టు మీది మట్టిది. ఆ మట్టి ఎక్కడికి పోతున్నది? ఈ ప్రశ్నయే పూర్వమొక రైతును భూగర్భ శాస్త్రవేత్తగా తీర్చిదిద్దినది.

ఆయన పేరు జేమ్స్ హట్టన్. 1726లో స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో జన్మించినాడు. వైద్యవిద్య అభ్యసించి కూడ వ్యవసాయమునకు పూనుకొన్నాడు. వర్షము పొలములోని మట్టిని సముద్రమునకు కొనిపోవుట చూచినాడు. ఇట్లే సాగితే నేల అంతయు హరించిపోవలెను గదా, మరి కొత్త నేల ఎట్లు పుట్టుచున్నదని యోచించినాడు. సముద్రగర్భములో పేరుకొన్న మట్టి, ఇసుక గట్టిపడి శిలలగుననియు, భూమిలోని వేడిమి వాటిని పైకెత్తుననియు 1785లో ఎడిన్‌బరో రాయల్ సొసైటీ ముందు ప్రతిపాదించినాడు.

1788లో ఇద్దరు మిత్రులతో పడవలో వెళ్లి, సిక్కర్ పాయింట్ అను తీరమున అందుకు సాక్ష్యము చూపినాడు. అక్కడ క్రింద బూడిదరంగు శిలాపొరలు నిలువుగా నిలిచి ఉన్నవి. వాటిపై ఎర్రని ఇసుకరాతి పొరలు కొద్ది వాలుతో పరచుకొని ఉన్నవి. క్రింది పొరలు మొదట అడ్డముగా పేరుకొని, గట్టిపడి, ముడుతపడి నిలువుగా లేచి, అరిగిన తరువాతనే పైపొరలు ఏర్పడవలెను. ఈ రెండింటి నడుమ 6 కోట్ల సంవత్సరములకు పైగా గడచినవని నేటి శాస్త్రము చెప్పుచున్నది.

ఆనాడు ఐరోపాలో పలువురు భూమి వయస్సు సుమారు 6,000 ఏండ్లని నమ్మేవారు. నేడు అది సుమారు 454 కోట్ల ఏండ్లని తెలిసినది. మానవజాతి వయస్సు సుమారు 3 లక్షల ఏండ్లు. భూమి వయస్సును ఒక్క దినముగా భావించితే, మనము చివరి ఆరు సెకన్లలో వచ్చినవారము. ఇంటికి చివర వచ్చిన అతిథి ఇల్లు తనదే అనవచ్చునా?

ఐనను మన చేతులు అల్పమైనవి కావు. అంగుళము మన్ను ఏర్పడుటకు వందల ఏండ్లు పట్టును. చెట్లు కొట్టిన వాలు మీద దానిని కొన్ని పెద్దవానలే కడిగివేయగలవు. మన తాతలు పనిచేసిన రబ్బరు తోటలలో వాలు నేలను మెట్లుగా తీర్చి, నేలను కప్పు తీగమొక్కలు పెంచుట అందుకొరకే.

చేసి చూడండి: ఒక గాజు సీసాలో పిడికెడు మన్ను వేసి, నీరు పోసి, మూతపెట్టి కుదిపి, ఒక రాత్రి కదల్చక ఉంచండి.

1. ఏ పొర అడుగున చేరినది? ఎందుకు?
2. మీ పాఠశాలలో ఏ చోట మన్ను కొట్టుకొనిపోవుచున్నది? దానిని ఆపుటకు మీరేమి నాటుదురు?